బస్తీలలో దివ్యాంగ పిల్లల తల్లిదండ్రుల సంఘాలు: పేరు రాయించుకున్నవారు సమావేశానికి ఎందుకు రాలేకపోతున్నారు?

సికింద్రాబాద్ కార్యకర్త (చర్చ ప్రారంభం)

సభ్యులందరికీ నమస్కారం. అడ్డగుట్ట చుట్టుపక్కల బస్తీలలో సెరిబ్రల్ పాల్సీ (మెదడు దెబ్బతినడం వల్ల కాళ్లూ చేతులూ కదిలించడం కష్టమయ్యే స్థితి), ఆటిజం, బుద్ధిమాంద్యం ఉన్న పిల్లల తల్లిదండ్రులతో రెండేళ్లుగా ఒక సంఘాన్ని నడిపించే పనిలో ఉన్నాను. మొదటి సమావేశం నాడు కమ్యూనిటీ హాలులో పరిచిన జంపఖానా చాలక, పక్కింటివారిని అడిగి చాపలు తెచ్చి వేశాము. ఆ రోజు రిజిస్టరులో 23 మంది పేర్లు రాయించుకున్నారు. మొన్నటి రెండో శనివారం ఉదయం 11 గంటలకు అదే హాలులో నేను, మాతో వచ్చే ఫిజియోథెరపిస్టు, ముగ్గురు తల్లులు మాత్రమే కూర్చున్నాము. మిగిలినవారిలో చాలామందికి ముందురోజు సాయంత్రం నేనే ఫోను చేశాను. అందరూ "తప్పకుండా వస్తామమ్మా" అనే చెప్పారు.

వారికి పిల్లల మీద ప్రేమ తక్కువని నేను ఒక్క క్షణం కూడా అనుకోలేదు. ఇంటికి వెళితే చేయి పట్టుకుని కూర్చోబెట్టి, గంటసేపు బిడ్డ సంగతులు చెప్పే తల్లి, అర కిలోమీటరు దూరంలో ఉన్న హాలుకు ఎందుకు రాలేకపోతున్నది అన్నదే నాకు అర్థం కావడం లేదు. సంఘం అవసరం గురించి కూడా నాకు సందేహం లేదు. మెడ నిలవని బిడ్డకు అన్నం ఎలా తినిపించాలి, ఫిట్స్ వచ్చినప్పుడు ఏ పక్కకు తిప్పి పడుకోబెట్టాలి, వైకల్య ధ్రువపత్రం కోసం ఎప్పుడు, ఎక్కడికి వెళ్లాలి అన్న విషయాలు ఒక తల్లి మరొక తల్లి దగ్గర నేర్చుకున్నంత త్వరగా మా దగ్గర నేర్చుకోవడం నేను చూడలేదు. అందుకే ఈ సంఘం ఆగిపోతుందేమోనని దిగులుగా ఉన్నది. మీ ప్రాంతాలలో ఏం జరుగుతున్నదో, మీరు ఏం చేశారో దయచేసి వివరంగా రాయండి.

బోరబండ తల్లి

అమ్మా, నేను చెబుతుంటే డిగ్రీ చదువుతున్న మా పెద్దమ్మాయి రాస్తున్నది. నేను మీ సంఘంలో లేను గానీ, ఇక్కడ ఇలాంటి సంఘంలోనే పేరు రాయించుకుని, నాలుగు నెలలు వెళ్లి, ఆ తరువాత మానేసిన తల్లిని. నా కొడుకుకు తొమ్మిదేళ్లు, సెరిబ్రల్ పాల్సీ ఉన్నది, నడవలేడు. నేను నాలుగు ఇళ్లలో పని చేస్తాను.

మీరు పెట్టిన వేళనే మొదట చూడండి. ఉదయం 11 గంటలంటే నేను మూడో ఇంట్లో గిన్నెలు తోముతూ ఉంటాను. రెండో శనివారం మీకు తీరిక దొరికే రోజు కావచ్చు. నేను పని చేసే ఇళ్లలో ఆ రోజు అందరూ ఇంట్లోనే ఉంటారు కనుక మాకు పని ఇంకా పెరుగుతుంది, ఆ రోజు సెలవు అడిగితే ముఖం మాడ్చుకుంటారు. మా వీధికి నల్లా నీళ్లు రోజు విడిచి రోజు వస్తాయి. ఆ గంట నేను ఇంట్లో లేకపోతే రెండు రోజులు నీళ్లకు కటకటే. ఇన్ని దాటుకుని బయలుదేరినా, మేముండేది రెండో అంతస్తులో. పిల్లవాడు ఇప్పుడు 22 కిలోలు ఉన్నాడు. ఒక చేత్తో వాడిని చంకకు ఎత్తుకుని, ఇంకొక చేత్తో గోడ పట్టుకుని మెట్లు దిగాలి. ఆడవాళ్లకు బస్సులో టికెట్టు లేకుండా చేసినప్పటి నుంచి, అంటే 2023 డిసెంబరు నుంచి, డబ్బు మిగులుతున్న మాట నిజమే. అయితే బస్సు మెట్లు అలాగే ఎత్తుగా ఉన్నాయి, రద్దీ ఇంకా పెరిగింది, కాళ్లు బిగుసుకుపోయిన బిడ్డతో ఆ తలుపు దగ్గర నిలబడలేము. ఆటోకే వెళ్లవలసి వస్తుంది.

ఇవన్నీ ఓర్చుకునే నాలుగు నెలలు వెళ్లాను. మానేసిన కారణం వేరే ఉన్నది. వెళ్లిన ప్రతిసారీ ఎవరో ఒక కొత్త విద్యార్థిని కాగితాలు పట్టుకుని వచ్చి, కాన్పు ఎలా జరిగింది, బిడ్డ ఏడ్చాడా లేదా, ఎన్ని రోజులు అద్దాల పెట్టెలో ఉంచారు, ఇంట్లో ఎవరికైనా ఇలా ఉన్నదా అని మొదటి నుంచి అడిగేది. నేను చెబుతూ ఏడ్చేదాన్ని, ఆమె రాసుకునేది. చివరికి అందరినీ వరుసగా నిలబెట్టి ఫొటో తీసేవారు. నాలుగో నెలలో నేను మా వాడి కాళ్లకు ఊతంగా కట్టే స్ప్లింట్లు పొట్టి అయిపోయాయని, కొత్తవి ఎక్కడ ఇస్తారని అడిగాను. తెలుసుకుని చెబుతామన్నారు. ఆ సమాధానం మళ్లీ నెలకు కూడా రాలేదు. ఒక పూట పని వదులుకుని వెళ్లిన మనిషి ఖాళీ చేతులతో తిరిగి వస్తే, ఇంకోసారి వెళ్లడానికి ఇంట్లో మిగతావారు ఒప్పుకోరమ్మా.

భవిత కేంద్రం ఉపాధ్యాయుడు

బోరబండ సోదరి రాసినది చదివి బాధ కలిగింది. నేను ప్రభుత్వ పాఠశాల ప్రాంగణంలోని భవిత కేంద్రంలో ప్రత్యేక అవసరాలున్న పిల్లలకు బోధించే రిసోర్సు పర్సన్‌ను. వారి మాటలు కాదనకుండానే, రెండో వైపు కూడా చెప్పవలసి ఉన్నది.

పిల్లవాడు మా దగ్గర వారానికి కొన్ని గంటలే ఉంటాడు, మిగిలిన సమయమంతా ఇంట్లోనే గడుపుతాడు. ఇంట్లో చేయవలసిన వ్యాయామం చేయకపోతే, కూర్చోబెట్టవలసిన తీరులో కూర్చోబెట్టకపోతే, మా దగ్గర సాధించినది సెలవుల్లోనే పోతుంది. అందుకే తల్లిదండ్రులకు శిక్షణ ఇవ్వాలని పట్టుబడతాము. నా అనుభవంలో కొందరు పింఛను, ధ్రువపత్రం, ట్రైసైకిల్ వంటివాటి గురించి కబురు వస్తేనే వస్తారు. బిడ్డకు చెంచా పట్టడం నేర్పుదాం రమ్మంటే మాత్రం రారు. కొన్ని సంస్థలు సమావేశానికి వచ్చినవారికి దారి ఖర్చు, సరుకుల సంచి ఇచ్చి అలవాటు చేశాయి. ఇవ్వని సంస్థ పిలిస్తే ఆ తరువాత ఎవరూ పలకరు. ప్రలోభం మీద నిలబడిన సంఘం ఆ నిధులు ఆగిన రోజునే మూతపడుతుంది. తల్లిదండ్రులలో బాధ్యత పెరగకుండా వేళలూ చోట్లూ మార్చినంత మాత్రాన ఫలితం ఉంటుందని నేను అనుకోవడం లేదు.

ఆటో నడిపే నాన్న

మాస్టారూ, మీరు పింఛను గురించి రాసిన వాక్యం దగ్గర నేను ఆగిపోయాను. మా పాపకు మానసిక వైకల్యం ఉన్నది. తెలంగాణలో దివ్యాంగుల పింఛను 2014లో 1,500 రూపాయలు ఉండేది, 2019లో 3,016 అయింది, 2023 నుంచి 4,016 వస్తున్నది. ఈ 4,016 రూపాయలలోనే ఫిట్స్ మందులు, డైపర్లు, నెలకు నాలుగుసార్లు థెరపీకి తిప్పడం జరగాలి. ఆ డబ్బు కోసం సమావేశానికి వచ్చాడంటే ఆ తండ్రి బిడ్డ కోసం వచ్చినట్టే లెక్క. మందు తప్పితే ఫిట్స్ వస్తాయి, ఫిట్స్ వస్తే మీరు ఆరు నెలలుగా నేర్పిన చెంచా పట్టడం కూడా మరిచిపోతుంది. పింఛను వేరు, శిక్షణ వేరు అని మాకు అనిపించదు.

ఇంకొక మాట కూడా చెప్పాలి. అందరూ "తల్లుల సమావేశం" అనే పిలుస్తారు. నా భార్య గర్భిణిగా ఉన్నప్పుడు ఆమెకు బదులు నేను ఒకసారి వెళ్లాను. హాలులో ఉన్న మగవాడిని నేనొక్కడినే. నన్ను చూడగానే తల్లులు మాట్లాడడం ఆపేశారు. నిర్వాహకురాలు మర్యాదగానే "అమ్మ రాలేదా అన్నా" అని అడిగారు. పాపకు రాత్రి మూడు గంటల వరకు నిద్ర పట్టకపోతే భుజాన వేసుకుని గల్లీలో తిప్పేది నేనే. ఆ సంగతి ఎవరికి చెప్పుకోవాలో తెలియక, ఉన్న పదిహేను నిమిషాలూ గోడకు ఆనుకుని నిలబడి వచ్చేశాను. ఆ తరువాత ఒక రాత్రి మా ఆటో స్టాండులో ఈ విషయం కదిలినప్పుడు, ఏడెనిమిదేళ్లుగా పక్కపక్కనే బండి పెట్టుకునే ఇంకొక డ్రైవరు తన కొడుకుకు కూడా ఇలాంటి ఇబ్బందే ఉన్నదని మొదటిసారి నోరు విప్పాడు. మేమిద్దరం ఇప్పటికీ మాట్లాడుకుంటాము. దానిని కూడా సంఘమే అనాలని నాకు అనిపిస్తుంది. నాన్నలను పిలవాలనుకుంటే రాత్రి తొమ్మిది తరువాత స్టాండుకు రండి, టీ మేమే ఇప్పిస్తాము.

విజయవాడ ఫిజియో

ఆటో సోదరుని మాట చాలా విలువైనది. మా ఊరిలో పేదల ఇళ్లు ఎన్నో కొండల మీద ఉంటాయి. వన్‌టౌన్ వైపు గానీ గుణదల వైపు గానీ, కొండ కింద నుంచి పై ఇంటికి వందకు పైగా మెట్లు ఎక్కవలసిన కుటుంబాలు ఉన్నాయి. కింద రోడ్డు మీద మేము శిబిరం పెట్టినప్పుడు పైనుంచి ఎవరూ దిగేవారు కాదు. "ఉచితంగా పెట్టినా రారు" అని మేము కూడా అనుకున్నాము. ఒక రోజు నేను పైకి ఎక్కి వెళ్లి, ఒక ఇంటి అరుగు మీద కూర్చుని ఊపిరి తీసుకున్న తరువాత మళ్లీ ఆ మాట అనలేకపోయాను. అప్పటి నుంచి సమావేశం ఆ అరుగు మీదనే పెడుతున్నాము.

అక్కడ జరిగిన ఒక సంగతి వివరంగా చెబుతాను. నాలుగేళ్ల పాపకు అన్నం తినిపించేటప్పుడు ప్రతి ముద్దకూ పొలమారుతున్నదని ఒక తల్లి చెప్పింది. ఆమె పాపను ఒడిలో వెల్లకిలా పడుకోబెట్టుకుని, తల వెనక్కి వాల్చి, పల్చగా కలిపిన పప్పు నీళ్లు నోట్లో పోస్తున్నది. అలా చేస్తే తిండి ఊపిరితిత్తులలోకి పోతుందని, తరచుగా వచ్చే జ్వరానికీ ఆయాసానికీ అది ఒక కారణం కావచ్చునని నేను చెప్పాను. ఆమె తల ఊపింది గానీ, ఆమె ముఖంలో నా మాట లోపలికి దిగినట్టు కనిపించలేదు. అప్పుడు పక్కనే ఉన్న మరొక తల్లి లేచి, తన ఇంట్లోని చేతుల కుర్చీ తెచ్చింది. దానిలో పాత చీర మడత పెట్టి రెండు పక్కలా దూర్చి, మోకాళ్ల మధ్య చిన్న తువ్వాలు చుట్ట పెట్టి, పాదాల కింద ఇటుక ఉంచి, పాపను నిటారుగా కూర్చోబెట్టింది. తాను ఎదురుగా, పాప కళ్ల ఎత్తుకు వచ్చేటట్టు పీట మీద కూర్చుని, గడ్డం కింద రెండు వేళ్లు ఆనించి, మెత్తగా పిసికిన గట్టి ముద్దను చెంచాలో సగం మాత్రమే పెట్టింది. పాప మింగేవరకు ఆగి, తరువాతి ముద్ద పెట్టింది. ఆరు ముద్దలు తిన్నా పొలమారలేదు. "మా వాడికి ఇది కుదరడానికి నాకు రెండు నెలలు పట్టింది వదినా, నీకు నేను రోజూ వచ్చి చూపిస్తాను" అని ఆమె అన్నప్పుడు, అక్కడ నా ఉద్యోగం ఏమిటో నాకు మరింత బాగా అర్థమైంది. తప్పు జరగకుండా చూడడం, అవసరమైనప్పుడు ఆసుపత్రికి పంపడం నా పని. మిగిలినది వారు చేసుకోగలరు.

పాతబస్తీ టీచరమ్మ

నేను ఫలక్‌నుమా ప్రాంతంలో పని చేస్తాను. ఇక్కడి తల్లులలో ఎక్కువమంది ఉర్దూ మాట్లాడతారు. కరపత్రం తెలుగులో, మాటలు తెలుగులో, వచ్చిన నిపుణురాలు చూపించే బొమ్మల మీద రాత ఇంగ్లీషులో ఉంటే, వారు రాలేదని మనం ఎలా నొచ్చుకోగలం? దూరం వెళ్లడానికి ఇంట్లో ఒప్పుకోని తల్లులు, పక్క గల్లీలోని తెలిసిన ఇంట్లో అయితే పిల్లవాడిని ఎత్తుకుని వస్తారు. బస్తీ దవాఖానాలు 2018లో మొదలైన తరువాత మాకు కొంత మేలు జరిగింది. టీకా కోసమో జ్వరం మందు కోసమో అక్కడికి వెళ్లడం ఎవరికీ అనుమానం కలిగించదు కనుక, ఆ పక్కనే కలుసుకోవడం సులభమైంది.

ఇక్కడ ఎవరూ ఇంకా ఎత్తని విషయం ఒకటి ఉన్నది. తల్లులు రాకపోవడానికి సిగ్గు ఒక పెద్ద కారణం. ఆ సిగ్గును చాలాసార్లు మనమే పెంచుతాము. ఒక సమావేశానికి వచ్చిన డాక్టరు గారు, అందరి ఎదుటా, "మేనరికం చేసుకున్నారా" అని ఒక్కొక్కరినీ అడిగారు. అవునన్న తల్లిని "చదువుకోకపోతే ఇలాగే ఉంటుంది" అన్నారు. దగ్గరి బంధువుల పెళ్లిళ్ల వల్ల కొన్ని జన్యు సమస్యల ముప్పు పెరుగుతుందన్నది నిజమే. అయితే ఆ పెళ్లిని ఆమె నిర్ణయించలేదు, ఆమెకు అప్పుడు 16 ఏళ్లు. పైగా ఆ బిడ్డ సమస్య కాన్పులో ఊపిరి అందకపోవడం వల్ల వచ్చినది. అత్తగారింట్లో పదేళ్లుగా వింటున్న మాటనే తెల్లకోటు వేసుకున్నవారి నోట నలుగురిలో విన్న తరువాత ఆమె మళ్లీ రాలేదు. ఆమెతో వచ్చే ఇద్దరు కూడా మానేశారు. నేను మూడుసార్లు ఇంటికి వెళ్లాను. మూడోసారి ఆమె నాకు చాయ్ ఇచ్చి, "మీరు మంచివారే టీచర్, కానీ అక్కడికి మాత్రం రాను" అన్నది. ఆ రోజు నేను డాక్టరు గారిని ఆపలేకపోయినందుకు నా తప్పు కూడా ఉన్నది.

కంచరపాలెం ఆర్పీ

విశాఖ నుంచి రాస్తున్నాను. నేను పట్టణ పేదరిక నిర్మూలన సంస్థ అయిన మెప్మాలో ఆర్పీగా (రిసోర్సు పర్సన్‌గా) పొదుపు సంఘాలు చూస్తాను. నాకు తెలిసిన కోణం ఒక్కటే చెబుతాను. మా బస్తీలలో ఆడవారు కలవని వారం ఉండదు. పొదుపు సంఘం ఉన్నది, సమాఖ్య ఉన్నది, అప్పు తీసుకోవడం, తీర్చడం ఉన్నాయి. అంటే సమావేశాలకు రావడం వారికి కొత్త కాదు. దివ్యాంగ బిడ్డ ఉన్న తల్లి మాత్రం ఆ సంఘాలలోనే వెనకబడుతుంది. బిడ్డ ఆసుపత్రిలో ఉన్న నెల ఆమె పొదుపు కట్టలేదు, మూడు సమావేశాలకు రాలేదు, ఆ తరువాత అప్పు వరుసలో ఆమె పేరు చివరికి పోతుంది. కొన్నిచోట్ల ఆమె తనంతట తానే తప్పుకుంటుంది.

సాధారణ సంఘానికి 10 మంది కావలసి ఉండగా, పట్టణ జీవనోపాధుల పథకం నిబంధనలలో దివ్యాంగుల సంఘానికి 5 మంది ఉన్నా చాలన్న వెసులుబాటు ఇచ్చారు. ఈ సంగతి చాలామందికి తెలియదు. తల్లిదండ్రుల బృందంలో పొదుపు కూడా చేరితే, నెలకు 100 రూపాయలే అయినా, కలవడానికి వేరే పిలుపు అవసరం ఉండదు. తమ డబ్బు అక్కడ ఉంటుంది కనుక లెక్క చూసుకోవడానికైనా వస్తారు. ప్రలోభం గురించి రాసిన మాస్టారికి కూడా ఇది నచ్చుతుందని అనుకుంటున్నాను.

బోయినపల్లి పెద్దాయన

నా వయస్సు 74. నా కుమారుడికి 46 ఏళ్లు, డౌన్ సిండ్రోమ్ ఉన్నది. బస్తీ కుటుంబం కాదు మాది. నేను బ్యాంకులో పని చేసి విరమించాను. ఈ చర్చలో కొంత పాత సంగతి చెప్పవలసిన అవసరం ఉన్నదని రాస్తున్నాను.

బుద్ధిమాంద్యం ఉన్నవారి కోసం జాతీయ సంస్థ 1984లో మా సికింద్రాబాద్‌లోనే, బోయినపల్లి మనోవికాస్ నగర్‌లో వచ్చింది. నాలాంటి తల్లిదండ్రులు మొదట అక్కడి వరండాలలోనే ఒకరికొకరు పరిచయమయ్యారు. దేశంలోని పలు తల్లిదండ్రుల సంఘాలు కలిసి 1995లో పరివార్ అనే సమాఖ్యగా ఏర్పడ్డాయి. 1999లో ఇలాంటివారి సంక్షేమం కోసం నేషనల్ ట్రస్ట్ చట్టం రావడంలో తల్లిదండ్రుల ఒత్తిడికి పెద్ద పాత్ర ఉన్నది. కుమారుడికి 18 ఏళ్లు నిండిన తరువాత తండ్రి తనంతట తాను చట్టపరమైన సంరక్షకుడు కాడు. ఆ చట్టం కింద కలెక్టరు, ఒక నమోదైన సంస్థ ప్రతినిధి, ఒక దివ్యాంగుడు ఉన్న స్థానిక కమిటీ సంరక్షకుడిని నియమిస్తుంది. ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, బుద్ధిమాంద్యం, బహుళ వైకల్యాలు ఉన్నవారికి ఏడాదికి లక్ష రూపాయల వరకు వర్తించే నిరామయ ఆరోగ్య బీమా కూడా ఆ ట్రస్టుదే. ఇవన్నీ సంఘటితమైన తల్లిదండ్రుల వల్ల సాధ్యమయ్యాయి.

ఆ గదులలో బస్తీ నుంచి వచ్చినవారు ఎందరు ఉండేవారని ఇప్పుడు వెనక్కి తిరిగి చూస్తే నా మనస్సు కలుక్కుమంటుంది. మా సమావేశాలు పనిదినాలలో, ఇంగ్లీషులో, నగరానికి ఒక చివర జరిగేవి. నిరామయలో మొదట చేతి డబ్బుతో ఖర్చు పెట్టి, బిల్లులు సమర్పిస్తే ఆ తరువాత డబ్బు తిరిగి వస్తుంది. ఆ పద్ధతి నాకు ఇబ్బంది కాలేదు. రోజు కూలీ మీద బతికే కుటుంబానికి ముందుగా పెట్టడానికి ఆ డబ్బు ఎక్కడి నుంచి వస్తుందన్న ప్రశ్న మా గదిలో బలంగా వినిపించి ఉంటే, ఆ పద్ధతిని మార్చాలని అప్పుడే పట్టుబట్టి ఉండేవాళ్లం. బస్తీ తల్లిదండ్రులు సంఘంలో ఉండడం వారి మేలు కోసమే అని మాట్లాడుతున్నాము. వారు లేకపోతే సంఘం అడగవలసినది అడగలేకపోతుంది అన్నది నేను ముప్పై ఏళ్లలో నేర్చుకున్నాను.

బోరబండ సోదరికి ఒక మనవి. స్ప్లింట్ల కోసం ఆ మనోవికాస్ నగర్ సంస్థలోనూ, జిల్లా సత్వర చికిత్స కేంద్రంలోనూ అడగవచ్చు. ధ్రువపత్రం, రేషను కార్డు, ఆధార్ నకళ్లు దగ్గర ఉంచుకోండి. మీకు వీలైన రోజు చెబితే నేను అక్కడ ముందుగా వెళ్లి, వరుసలో నిలబడతాను. మీరు పిల్లవాడితో వచ్చిన తరువాత గంటల తరబడి వేచి ఉండనవసరం లేదు.

భవిత కేంద్రం ఉపాధ్యాయుడు

అందరి సమాధానాలూ రెండుసార్లు చదివాను. ఆటో నడిపే సోదరునికి, పింఛను గురించి నేను రాసిన తీరుకు నన్ను మన్నించమని కోరుతున్నాను. ఆ వాక్యం వెనక్కి తీసుకుంటున్నాను. దారి ఖర్చు విషయంలో కూడా, కాళ్లు బిగుసుకుపోయిన బిడ్డను తెచ్చే ఆటోకు డబ్బు ఇవ్వడం ప్రలోభం కాదని ఒప్పుకుంటున్నాను. బడికి వచ్చే ప్రత్యేక అవసరాల పిల్లలకు రవాణా భత్యం, వెంట వచ్చేవారికి ఎస్కార్ట్ భత్యం ప్రభుత్వ విద్యా పథకమైన సమగ్ర శిక్షలోనే ఉన్నప్పుడు, సంఘానికి వచ్చే తల్లికి ఇస్తే తప్పెలా అవుతుంది?

ఒక మాట మీద మాత్రం నేను నిలబడతాను. సంఘాన్ని ఇంటి అరుగుకు మార్చినా, పొదుపు చేర్చినా, ఇంటి దగ్గర చేయవలసిన పని గురించి మాట్లాడడం తగ్గకూడదు. ధ్రువపత్రాల పనిలో మునిగి, మూడేళ్ల వయస్సులో అందవలసిన సాధన ఏడేళ్లకు గానీ మొదలుకాని పిల్లలను నేను చాలామందిని చూశాను. ఆ నాలుగేళ్లు ఎవరూ తిరిగి తేలేరు. ఇంకొకటి, మా మీద కూడా ఒత్తిడి ఉన్నది. పై అధికారులు అడిగేది ఎన్ని సమావేశాలు పెట్టారు, ఎంతమంది వచ్చారు, ఫొటోలు ఎక్కడ అని మాత్రమే. అరుగు మీద ఇద్దరు తల్లులు ఒకరికొకరు తినిపించడం నేర్పుకుంటే దానిని రాయడానికి మా నివేదికలో గడి లేదు. ఆ గడి ఉండాలని ఈసారి మండల సమావేశంలో అడుగుతాను.

బోరబండ తల్లి

పెద్దాయన గారికి దండాలు. మీరు వరుసలో నిలబడతానన్న మాట చదివి మా అమ్మాయి కాసేపు రాయలేకపోయింది. వచ్చే మంగళవారం మూడో ఇంటివాళ్లు ఊరికి వెళుతున్నారు, ఆ రోజు వస్తాను.

సికింద్రాబాద్ అమ్మా, మీరు మమ్మల్ని అడిగారు కనుక చెబుతున్నాను. రాత్రి ఎనిమిది గంటలకు వంటలు అయిపోతాయి, అప్పుడు పెట్టండి. మెట్లు లేని ఇంట్లో పెట్టండి. పిల్లల్ని చూసుకోవడానికి ఒక మనిషి ఉండాలి, లేకపోతే మేము వచ్చినా వాళ్లను పట్టుకోవడంతోనే సరిపోతుంది, మాట చెవికెక్కదు. మా కథ ఒకసారి రాసుకుని దాచండి, కొత్తగా వచ్చినవాళ్లు అది చదువుకోవాలి గానీ మళ్లీ మళ్లీ మమ్మల్ని అడగకూడదు. పోయిన నెల ఎవరు ఏం అడిగారో, దానికి ఏం తెలిసిందో, ఈ నెల ముందుగా అది చెప్పండి. రాలేనివారిని ఎందుకు రాలేదని అడగకండి, ఏం జరిగిందో ఫోనులో చెప్పండి. మళ్లీ రావడానికి ముఖం చెల్లుతుంది.

సికింద్రాబాద్ కార్యకర్త

ఆరు వారాల తరువాత రాస్తున్నాను, ఆలస్యానికి మన్నించండి. మీ సమాధానాలను కాగితం మీద రాసుకుని, రిజిస్టరులోని 23 ఇళ్లకూ వెళ్లాను. రెండు కుటుంబాలు ఇల్లు ఖాళీ చేసి వెళ్లిపోయాయి. ఒక బిడ్డ నాలుగు నెలల క్రితమే న్యుమోనియాతో చనిపోయాడు. ఆ తల్లికి నేను ప్రతి నెలా సమావేశానికి రమ్మని ఫోను చేస్తూనే ఉన్నాను. ఆమె ప్రతిసారీ "వస్తానమ్మా" అనే చెప్పింది. ఆ ఇంట్లో ఎంతసేపు కూర్చున్నానో నాకు గుర్తు లేదు. రిజిస్టరులో సంతకాలు పెట్టించుకోవడం తప్ప మేము ఎవరి సంగతీ కనుక్కోలేదన్నది ఆ రోజు తెలిసింది.

మిగిలినవారిని వేళ, చోటు మీరే చెప్పమన్నాను. మెట్లు ఎక్కనవసరం లేని కింది గది ఉన్న ఒక తల్లి ఇంట్లో, ఆదివారం రాత్రి 8 గంటలకు కలవాలని వారే నిర్ణయించారు. మొదటిసారి తొమ్మిది మంది, రెండోసారి ఏడుగురు వచ్చారు. ఇద్దరు నాన్నలు వచ్చి గడప బయటే నిలబడ్డారు. రెండోసారి ఒకాయన లోపలికి వచ్చి కూర్చున్నారు. విద్యార్థులను తీసుకువెళ్లడం మానేశాను. పొదుపు విషయం ఇంకా తేలలేదు. అప్పు ఇచ్చే దగ్గర గొడవలు వస్తాయని ఇద్దరు తల్లులు గట్టిగా వద్దంటున్నారు, వారి మాటలో కూడా న్యాయం ఉన్నది. పాతబస్తీ టీచరమ్మ గారి మాట గుర్తు పెట్టుకుని, వచ్చే నెల రానున్న డాక్టరు గారిని ముందుగా ఒక్కరినే కలిసి, నలుగురిలో అడగకూడనివి ఏమిటో చెప్పి వచ్చాను. ఆమె శ్రద్ధగా విన్నారు.

బిడ్డను పోగొట్టుకున్న తల్లి రెండో సమావేశానికి వచ్చింది. తన దగ్గర మిగిలిన కుర్చీ, చెంచాలు, వాడని డైపర్ల కట్ట తెచ్చి, అవసరమైనవారికి ఇమ్మని ఒక మూల పెట్టింది. వెళ్లిపోతుందనుకున్నాము గానీ, ఆమె ఆ రాత్రి మిగతా పిల్లల దగ్గర కూర్చుని, తల్లులు మాట్లాడుకుంటున్నంతసేపూ వారిని ఆడించింది. వచ్చే ఆదివారం నల్లా నీళ్ల వంతు ఉన్నందువల్ల సమావేశాన్ని ఎనిమిదిన్నరకు మార్చామని ఇందాకే ఆ ఇంటి తల్లి నాకు ఫోను చేసి చెప్పింది.